చదవకుండా వదిలిన వరస

కుప్పం,
14 జులై 1946, ఆదివారం.

పుంగనూరులో తోలుపని చేసే మా అబ్బా అలావుద్దీన్ సాహెబు గారికి కుప్పం ఆడపిల్లల బడి నుంచి ఖుర్షీదా సలాములు. పక్క కొట్లో కుట్టుమిషను ఆపి ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న సుబ్బయ్య మామకు నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీ దగ్గు తగ్గిందో లేదో, మోకాలికి రాసుకునే నూనె ఉందో అయిపోయిందో తెలియక మనసు అక్కడే ఉంది.

తపాలావాళ్లు సమ్మె కట్టారు. ఇక్కడి పోస్టాఫీసు తలుపు సగమే తెరిచి ఉంటోంది. డబ్బాలో వేసిన కార్డులు డబ్బాలోనే ఉన్నాయి. అందుకని ఇది తపాలాలో వేయడం లేదు. సంతరోజు బస్సు తోలుకొచ్చే గంగులప్పన్న చేతికి ఇస్తాను. ఆయన వచ్చేలోపల తీరిక దొరికినప్పుడల్లా ఇంత రాస్తాను. అక్షరాలు ఒకచోట నిలువుగా, ఒకచోట వాలిపోయి ఉంటే మామ కోప్పడకూడదు. వాలిపోయినవి సాయంత్రం రాసినవి.

బడి తెరిచి నెల దాటింది. మూడో తరగతి, నాలుగో తరగతి రెండూ నాకే అప్పజెప్పారు. ఒక గదిలోనే అటు తిరిగి లెక్కలు, ఇటు తిరిగి పద్యాలు. గంట కొట్టాక ఇంటికి పోదామంటే టీచర్లందరూ రేషను కార్డులు రాయాలని తాలూకా నుంచి ఆర్డరు వచ్చింది. నిన్న అంకమ్మ అనే ఆవిడ తన ఇంట్లో తొమ్మిదిమంది అని రాయించింది. పేర్లు చెప్పమంటే చెప్పింది. వయసులు అడిగితే చివరి ఇద్దరి దగ్గర తడబడింది. ఆ ఇద్దరూ ఎద్దులట. ఎద్దులు తినవా తల్లీ, నువ్వే చెప్పు అని నన్నే అడిగింది. నవ్వాలని ఉంది గానీ నవ్వే ఓపిక లేకపోయింది. తొమ్మిది కొట్టేసి ఏడు వేశాను. ఆమె తిట్టుకుంటూ పోయింది. రేషను రాగుల్లో రాళ్లు ఏరేసరికి పొద్దు వాలిపోతుంది. రాత్రి పడుకున్నాక కూడా గొంతులో సుద్దపొడి ఉన్నట్టే ఉంటుంది.

పోయిన నెల నేను పంపిన పది రూపాయల మనియార్డరు ఎప్పటిలాగే తిరిగి వచ్చింది. ఇది పదకొండోసారి. పోస్టుమాను చిన్నప్ప ఆ పది నా చేతిలో పెడుతూ, మీ నాయనకు దుడ్డు చేదా అమ్మా, ఆయప్పకు వొద్దంటే నాకన్నా ఇప్పించు అన్నాడు. మీరు ఎందుకు తీసుకోరో నాకు తెలుసు. కూతురి సంపాదన తింటున్నాడని ఎవరైనా అంటారని. ఎవరూ అనరు. అయినా మీ ఇష్టం.

సుబ్బయ్య మామా, ఇంతవరకు అరుగు మీద ఉన్నవాళ్లందరూ వినవచ్చు. ఇక్కడ ఒక నిమిషం ఆగు. చొక్కాల కోసం వచ్చినవాళ్లుంటే రేపు రమ్మని పంపించు. అబ్బాను లోపలికి తీసుకుపోయి మిగిలింది చదువు. నీకు తెలియకూడదని కాదు. నీ నోటితో తప్ప మా అబ్బాకు నా మాట చేరే దారి లేదు కదా.

16 జులై.

అబ్బా, ఇక్కడి నుంచి నువ్వు అనే రాస్తాను, ఇంట్లో పిలిచినట్టు.

హజ్‌కు పోయే ఓడ టిక్కెట్టు డబ్బు రంజాన్ మొదలయ్యేలోపల బొంబాయికి పంపాలని మే నెలలో చెప్పావు. ఇంకా పంపకపోతే పంపవద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పే ధైర్యం మే నెలలో నాకు లేకపోయింది. ఇప్పుడూ ఉందని కాదు. రోజులు అయిపోతున్నాయి, అంతే.

నువ్వు వడ్డీ ముట్టవు. అది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే. తోలు అప్పుకిచ్చిన షావుకారుకు వాయిదా తప్పకుండా కట్టేవాడివి, అతను వడ్డీ అనే మాట ఎత్తకుండా. పోస్టాఫీసు పుస్తకంలో ఏడాదికి మూడు రూపాయలు ఎక్కువ రాశారని ఆ పుస్తకమే మూయించావు. ఆ రోజుల్లోనే కదా మదనపల్లె నుంచి బాహుదా మోటారు కంపెనీ గుమాస్తా రామమూర్తిగారు వాటాలు అమ్ముకుంటూ మనూరికి వచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు. గుమ్మం వెనక నిలబడి విన్నాను. అప్పు ఇచ్చినవాడికి అవతలివాడు బతికినా చచ్చినా వడ్డీ రావాలి సాహెబుగారూ, వాటా అట్లా కాదు, బస్సు తిరిగితే మీరూ తింటారు, బస్సు ఆగితే మాతోపాటు మీరూ పస్తుంటారు అన్నాడాయన. పస్తుంటారు అన్న మాటకే నువ్వు ఒప్పుకున్నావు. ఇది న్యాయమైన బేరం అన్నావు.

రెండు జట్కాలు, మూడు గుర్రాలు, పోయిన అమ్మీ వెండి కడియాలు. అన్నీ అమ్మి పది రూపాయల వాటాలు అరవై కొన్నావు. గుర్రాన్ని అమ్మి గుర్రాన్ని చంపే బండి కొన్నాడు అని సుబ్బయ్య మామ వారం రోజులు ఎగతాళి చేశాడు. మామా, నువ్వన్నదే, కోపం తెచ్చుకోకు. అబ్బా దానికి ఏమన్నాడో కూడా నాకు గుర్తుంది. యాల నగుతావప్పా, జీను కుట్టేవాడికి గుర్రమైనా ఒకటే మోటారైనా ఒకటే, కూర్చునేది మనిషే కదా అన్నాడు.

అప్పటి నుంచి పుంగనూరు బస్టాండులో నీ కాపలా. బస్సు వస్తే దిగినవాళ్లను ఎక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టేవాడివి. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి కండక్టరు వదిలినా నువ్వు వదిలేవాడివి కాదు. సీటు చినిగి పీచు బయటికి వస్తే తోలు కుట్టే ఆరె, దారం తీసుకుని బస్సులోకి ఎక్కి కూర్చునేవాడివి. గంగులప్పన్న హారను మోగిస్తూ, దిగు సాయిబూ, టైమయింది అంటే, ఉండప్పా, ఈ సీటులో నా వాటా ఎంతుండాదో నీకేం తెలుసు అనేవాడివి. ఆర్నెల్లకోసారి మదనపల్లె పోయి ఆఫీసులో వేలిముద్ర వేసి ముప్పై రూపాయల డివిడెండు తెచ్చేవాడివి. ఆ డబ్బును మామూలు డబ్బులో కలిపేవాడివి కాదు. ఏ ఆర్నెల్లది ఆ ఆర్నెల్లకు అరచేయంత తోలుసంచి కుట్టి, అందులో పెట్టి, మూతి బిగించి, హజ్ పెట్టెలో వేసేవాడివి. రేటు పెరిగిందని, వాటాకు పద్దెనిమిది ఇస్తామని బేరగాళ్లు వచ్చినా అమ్మలేదు. రోజూ బండి లాగే గుర్రాన్ని సంతకు తోలుకపోతారా యాడైనా అన్నావు.

ఏటా కంపెనీ వాళ్లు అచ్చువేసిన లెక్కల కాగితం పంపేవాళ్లు. ఇంగ్లీషులో ఉండేది. నాకు ఇంగ్లీషు వచ్చిన ఏడాది నుంచి దాన్ని నీకు చదివి చెప్పడం నా పని అయింది. మనింట్లో మొదట చదువుకున్నదాన్ని నేను. ఆ కాగితం చేతపట్టుకుని నీ ఎదురుగా కూర్చుంటే నాకే పెద్ద ఉద్యోగం వచ్చినట్టుండేది. నువ్వు చేతిలో పని ఆపకుండా, కళ్లు మాత్రం నా వేలి మీద పెట్టి వినేవాడివి. వేలు ఒక్కో వరస దిగుతుంటే నీ తల ఊగేది.

18 జులై.

నిన్న రాయలేకపోయాను. జ్వరం కాదు, ఒళ్లు అలసిపోయింది. ఈ రోజు చెప్పేస్తాను.

యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సులు ఆగిపోయాయి. కొన్నిటికి బొగ్గు పొయ్యి తగిలించారు. మిగిలినవి చక్రాలు ఊడదీసి మదనపల్లె షెడ్డులో నిలబెట్టారు. అయినా నీ ముప్పై రూపాయలు ఆగలేదు. నలభైమూడు వేసవిలో లెక్కల కాగితం వచ్చింది. నేను చదువుతున్నాను. టిక్కెట్ల మీద రాబడి ఇంత అన్నాను. అది చాలా తక్కువ. దాని కింది వరసలో సర్కారు యుద్ధ బాండ్ల మీద వచ్చిన వడ్డీ అని ఉంది. అది చాలా ఎక్కువ. కంపెనీ వాళ్లు చేతిలో ఉన్న డబ్బంతా సర్కారుకు అప్పిచ్చి, ఆ వడ్డీనే వాటాదారులకు పంచారు.

నేను ఆ వరస చదవబోతుండగా నువ్వన్నావు, సూడమ్మా, బండి కదలకపోయినా బువ్వ పెడతాండాది, అల్లా బర్కతు అని. నీ ముఖం వెలిగిపోతోంది. అమ్మీ పోయినాక అంత వెలుగు నేను చూడలేదు. వేలు ఒక వరస దాటి కిందికి దిగింది. ఆ కింది వరస చదివాను.

ఒకసారి వదిలినదాన్ని మరుసటి ఏడు ఎలా చదవను? నలభైనాలుగులోనూ వదిలాను. నలభైఅయిదులోనూ వదిలాను. మూడేళ్లు, ఆరు డివిడెండ్లు. నువ్వు ఒక్క పైసా వడ్డీ ముట్టనివాడివి, నా మాట నమ్మి వడ్డీ డబ్బును హజ్ పెట్టెలో దాచుకున్నావు. బడిలో పిల్లలకు రోజుకు పదిసార్లు చెప్తాను, వరస వదలకుండా చదవండి అని.

జూన్ మొదటివారంలో సెలవు పెట్టి, నీకు చెప్పకుండా మదనపల్లె పోయాను. బస్సు పుంగనూరులో పది నిమిషాలు ఆగింది. నువ్వు బస్టాండులో కూర్చుని ఎవరిదో చెప్పు కుడుతున్నావు. నేను పైట తల మీదికి లాక్కుని దించిన తల ఎత్తలేదు. కన్నతండ్రి ముందు నుంచి దొంగలా పోయాను.

ఆఫీసులో రామమూర్తిగారు ముసలాయన అయిపోయారు. ఆ ఆరు డివిడెండ్లలో వడ్డీ ఎంత, బస్సు డబ్బు ఎంత, విడదీసి చెప్పండి అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. డివిడెండు తక్కువైందని దెబ్బలాడేవాళ్లను చూశాను గానీ ఇలా అడిగేవాళ్లు ఉండరమ్మా, నువ్వు రెండోదానివి అన్నారు. మొదటివాళ్లు లెక్కలు తనిఖీ చేసేవాళ్లెవరో అయి ఉంటారనుకుని నేను అడగలేదు. పుస్తకాలు దించి, గంటసేపు కూర్చుని కట్టి చెప్పారు. ప్రతి ముప్పైలోనూ ఇరవైరెండున్నర వడ్డీయే. మొత్తం నూటముప్పైఅయిదు. ఆ తర్వాత బాండ్లు అమ్మి బస్సులు బాగుచేయించారట. ఇప్పుడు వచ్చేది మళ్లీ బస్సు డబ్బేనట. అమ్మా, యుద్ధంలో ఈ జిల్లాలో ఎన్ని కంపెనీలు చేతులెత్తేశాయో నీకు తెలుసా, మేము ఒక్క ఆర్నెల్లు కూడా తప్పలేదు అన్నారు గర్వంగా. ఆయన తప్పేమీ లేదు. ఆయన అచ్చు వేయించే పంపారు. చదవనిది నేను.

అబ్బా, నా మాట ఇది. ఈ ఏడు ఆగు. హజ్ పెట్టెలో నుంచి ఆ నూటముప్పైఅయిదు తీసి లేనివాళ్లకు పంచిపెట్టు. తగ్గిన డబ్బు నా జీతంలో నుంచి నింపుతాను. నా దగ్గర ఇప్పటికే అరవైనాలుగు ఉన్నాయి. నువ్వు తిప్పి పంపినవాటిలో ఖర్చుపోగా మిగిలినవే. ఈ ఒక్క ఏడాది నా మనియార్డరు తిప్పిపంపకు. తోటివాళ్లతో పోతానని చెప్పుకున్నావు, నీ వయసుకు ఏడాది ఆగడం చిన్న మాట కాదు, దగ్గు ఒకటి ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. వచ్చే ఏడు నువ్వు పోలేకపోతే ఆ పాపం నాది. కానీ ఆ డబ్బుతో నువ్వు ఓడ ఎక్కితే ఆ పాపం ఇంకా పెద్దది, అదీ నాదే.

ఒక్క సంగతి మాత్రం నాకు ఊరటగా ఉంది. నా టీచరు ట్రైనింగుకు నువ్వు హజ్ డబ్బు ముట్టలేదు. మిలిటరీ వాళ్లకు జీనులు కుట్టిన డబ్బు తెచ్చి హాస్టలు గేటు దగ్గర నా చేతిలో పెట్టేవాడివి. ఖర్చుకు వాడుకోమని ఇస్తూ దాన్ని కూడా తోలుసంచిలోనే పెట్టేవాడివి. చివరిది పోయిన జులైలో కుప్పం బస్సు ఎక్కించేటప్పుడు ఇచ్చావు. ఆ సంచులు ఆరూ నా దగ్గరే ఉన్నాయి. ఒకదాంట్లో సుద్దముక్కలు, ఒకదాంట్లో సూదీదారం, ఒకదాంట్లో నీ అరవైనాలుగు రూపాయలు. అన్నిటికీ అంచు దగ్గర ఒక్కో కుట్టు తప్పింది. నీ చేతిలో కుట్టు తప్పడం ఎప్పుడూ చూడలేదు. కళ్లు మసకబారుతున్నాయని తెలిసింది. జీతంలో నుంచి అద్దాలు కొనిపెడదామనుకున్నాను. డబ్బే తీసుకోనివాడివి అద్దాలు మాత్రం తీసుకుంటావా?

ఇక రాయడానికి ఏమీ లేదు. కోప్పడితే కోప్పడు. కానీ జవాబు మాత్రం పంపు. ఎవరి చేతనైనా, ఎంత చిన్నదైనా.

నీ కూతురు,
ఖుర్షీదా

తా.క. 20 జులై, సంతరోజు. బడి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. గంగులప్పన్న ఎదురుగా టీ తాగుతున్నాడు. ఉత్తరం మడిచి ఇవ్వబోతే, ఉండు పాపా, ముందు నేను తెచ్చింది తీసుకో, కాగితం కాదు, మాట అన్నాడు. మరిచిపోతానేమోనని దారంతా బస్సు తోలుతూ వల్లెవేసుకుంటూ వచ్చాడట. పలమనేరు దాటినాక పక్కసీటు ఆయన, నీకు పిచ్చి పట్టిందా డ్రైవరన్నా అని కూడా అడిగాడట.

మొన్న నువ్వు డివిడెండుకు మదనపల్లె పోతే, సాహెబుగారూ, మీరు మూడేళ్ల కిందట అడిగిందే మీ అమ్మాయి వచ్చి అడిగింది అని రామమూర్తిగారు చెప్పారట. మొదట అడిగింది నువ్వేనని నాకు ఇప్పుడు తెలిసింది.

గంగులప్పన్న నీ గొంతుతోనే చెప్పాడు. సదువుకున్నోళ్లు అర్థం సూస్తారు, కుట్టేవాడు వరసలు లెక్కబెడతాడు. ఆ కాగితంలో పదిహేడు వరసలుండాయి, నువ్వు పదహారే సదివితివి. వేలు ఎగిరిన సోటు నాకు తెలుసు. ఆడ గోటితో గీత పెట్టి రామమూర్తయ్య దగ్గరికి తీసుకుపోయి సదివించుకుంటిని. బిడ్డ నన్ను నొప్పించలేక దాచింది, అడిగితే ఇంకా నొచ్చుకుంటాదని ఊరుకుంటిని. ఆ ఆరు సంచులు హజ్ పెట్టెలో ఉంచలేదు, కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్క కుట్టు వదిలి పక్కన పెడితిని.

ఆ ఆరు సంచులే నువ్వు హాస్టలు గేటు దగ్గర, కుప్పం బస్సు దగ్గర నా చేతిలో పెట్టినవి. నా చదువే ఆ వడ్డీ. జీనులు కుట్టిన డబ్బు హజ్ పెట్టెలో ఉంది.

అట్లాంటి డబ్బు పుణ్యానికి లెక్కేసుకోకుండా, తిరిగి ఆశించకుండా లేనివాళ్లకు ఇచ్చేయాలని మసీదులో పెద్దాయన చెప్పాడట నీకు. మరి నీ బిడ్డకే ఇస్తివే సాయిబూ అని గంగులప్పన్న అడిగాడట. సదువు లేని ఇంట్లో సదువు కావాలని ఏడ్సే పిల్ల కంటే లేనోళ్లు యాడుండారప్పా అన్నావట. తిరిగి ఆశించకూడదు గనక దాని జీతం ముట్టను, ఇంకెన్నిసార్లు పంపినా తిప్పిపంపుతా, ఆ పోస్టుమానుకు ఒళ్లు నొప్పులు తప్ప లాభం లేదు అని చెప్పమన్నావట. టిక్కెట్టు డబ్బు బొంబాయికి పోయే మనిషి చేతికి ఇచ్చేశావట. బస్సులో తల దించుకున్న పిల్ల ఎవరో నాకు తెలీదనుకుందా అని కూడా అన్నావట.

గంగులప్పన్న టీ అయిపోయింది. హారను కొడుతున్నాడు. రాసిన ఈ కాగితాలన్నీ చింపేద్దామనుకున్నాను. చింపడం లేదు. సుద్దముక్కలు కింద పోసి ఆ సంచి చూసుకున్నాను. తప్పిన కుట్టు ఉన్నచోట వేలు పెట్టి కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను, నిద్ర వస్తోంది. మూడేళ్ల నిద్ర.

సుబ్బయ్య మామా, నువ్వు మళ్లీ అరుగు మీదికి రావచ్చు. ఎవరు విన్నా పరవాలేదు. మొదటి నుంచీ చదువు, ఒక్క వరస కూడా వదలకు. వినేవాడు లెక్కబెడుతుంటాడు.